షర్బత్ గుడ్డ

ప్రొద్దుటూరు షెడ్డులో మస్తాన్, బాగుచేసిన ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు బిగించాల్సిన టార్క్ కన్వర్టరును కడుగుతున్నాడు. లోపల నూనె పోసి, ఊపి, తెల్లగుడ్డలో వడగట్టి, సంగటి తెచ్చిన భార్య ముందు పట్టాడు.

“మే హుసేనమ్మా, నా కండ్లు ఆనడంల్యా. ఇనప రజను మెరుస్తాందేమో సూడు. రవ్వంత మిగిలినా గేర్‌బాక్సు మళ్లా పోతాది.”

“ఇంగా మెరుస్తాందయ్యా.”

మళ్లీ నూనె పోశాడు, ఊపాడు, గుడ్డ ఇంకో కొసలో వడగట్టాడు.

“ఇప్పుడు?”

“ఏం ల్యా. శుభ్రంగా ఉండాది.”

“నీ కండ్లే కండ్లు మే!”

“ఉండు. ఈ పచ్చంచు యాడనో సూసినట్టుండాదే... యోవ్, ఇది రంజాన్‌కు షర్బత్ వడగట్టే నా గుడ్డ గదా!”

మస్తాన్ కన్వర్టరు చాటున తల దించుకున్నాడు.

“ఇన్నేండ్లలో ఒక్క నిమ్మగింజన్నా దాటిందా మే, దాన్ని?”