నలుగు

యానాంలో పిల్లల డాక్టర్ స్టెల్లా గది. సాయిదివ్య ఒళ్ళో ఆరు రోజుల పాప, పక్కన అమ్మమ్మ రామతులసి. తల్లీకూతుళ్ళిద్దరూ దరియాలతిప్ప నుంచి ఆటోలో పోట్లాడుకుంటూనే వచ్చారు.

"ఇంకా పురుడైనా పోయలేదండి డాక్టరమ్మగారూ. పదకొండో రోజుదాకా పసిగుడ్డుని గడప దాటించకూడదే అంటే వింటేనా..."

"నువ్వాగమ్మా! మేడమ్, నిన్న మధ్యాహ్నం నుంచి పాలు పట్టట్లేదండి. నోట్లో పెడితే వదిలేస్తంది."

"పొట్ట నిండితే వదలదా ఏంటి?"

"ఉచ్చ పోస్తోందా దివ్యా?"

"పొద్దుట్నుంచి గుడ్డ తడవలేదండి."

"ఏడుపు?"

"ఏడుపన్నదే ఎరగదండి! బంగారుతల్లి. నీళ్ళు పోసినా కళ్ళు మూసుకునే ఉంటది."

"మామ్మగారూ, ఏడవకపోతేనే నాకు భయం. ఒంటికేం రాశారు?"

"నలుగండి. సెనగపిండి, పసుపు, మీగడ. రోజూ నేనే పెడతన్నాను. ఎలా మెరిసిపోతందో చూడండి!"

"పచ్చగా ఉందమ్మా, పచ్చగా ఉందమ్మా అని రెండ్రోజుల్నుంచి మొత్తుకుంటన్నానండి. పసుపేనే అంటది."

"ఉండండి. తడి దూదితో తుడుస్తున్నా. దూదికి పసుపొచ్చింది, చూశారా?"

"చెప్పానా!"

"ఇంకో దూది. ఇప్పుడు?"

"తెల్లగానే ఉందండి."

"మరి పిల్ల?"

"అమ్మా... పిల్ల ఇంకా పచ్చగానే ఉందే!"

"కళ్ళు చూడండి. కళ్ళకి కూడా నలుగెట్టారా మామ్మగారూ?"

"అయ్యో... అయ్యో..."

"కామెర్లు. అరికాళ్ళ దాకా దిగిపోయాయి. కాకినాడ తీసుకెళ్ళాలి, రక్తం మార్చాల్సి రావచ్చు. సిస్టర్, అంబులెన్స్ పిలవండి! తొందరగా!"

"బతుకుద్దాండి? మేడమ్, చెప్పండి, బతుకుద్దా?"

"ఇప్పుడే బయల్దేరితే ఆశుంది. అక్కడి డాక్టరుకి నేను చెప్పాలి. మీ ఇంట్లో పసిపిల్లలెవరికైనా ఇలా వచ్చిందా?"

"లేదండి. మా ఇళ్ళల్లో ఎవరికీ లేదు."

"మరి అన్నయ్యమ్మా? నాకంటే ముందు పుట్టి పోయినోడు?"

"ఆడి సంగతెందుకే ఇప్పుడు! ఆడిది దిష్టి."

"ఎన్నో రోజున పోయాడు మామ్మగారూ?"

"ఎనిమిదో రోజునండి. దిష్టేనండి. ఏడవని పిల్లోడని ఊరంతా వచ్చి చూసేవోరు..."

"పాలు తాగేవాడా?"

"దిష్టని చెప్తన్నాను కదండీ!"

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. దీని కోసం చెప్పమ్మా."

"ఆడికీ రోజూ నేనే నలుగెట్టానండి... ఆడి కళ్ళు మాత్రం నేనెప్పుడూ విప్పి చూళ్ళేదు."