పోషకాహారం పేపర్

నరసరావుపేటలోని ఒక డిగ్రీ కాలేజీలో, యూనివర్సిటీ కమిటీ కూర్చున్న గది బయట, బెంచీ మీద లెక్చరరూ ఆమె విద్యార్థినీ ఎదురుచూస్తున్నారు.

"చానా భయంగా ఉంది మేడం. లోపల ఏం అడుగుతారు?"

"పోషకాహారం పేపర్ అన్ని గ్రూపులకీ ఉంచాలా, తీసేయాలా అని. నీకు అనిపించిందే చెప్పు."

"తీసేస్తే మీ కాంట్రాక్టు పోద్దంట గదా?"

"ఆ మాట మాత్రం లోపల అనొద్దు."

"అందరూ తిన్నాక మిగిలింది తినే మా అమ్మకి రక్తం తక్కువని, మీ పాఠం విన్నాకే అనుమానమొచ్చి ఆస్పత్రికి తీసుకుపోయా. అది చెప్పనా?"

"అదే చెప్పు."

"మెకానిక్ కూతురికి కమిటీ ఏందని నవ్వితే?"

"నవ్వనీ. నువ్వు ఆగొద్దు."

"మేడం, నన్నే పిలుస్తున్నారు."

"వెళ్లమ్మా. భయపడకు."

"వెళ్తా మేడం. ముందు నా చెయ్యి వదలండి."