ఒకే పెట్టెలో రెండు గీతలు

ఆరేళ్ళ కిందట మావయ్య విరమణ చేసిన నీటి పరీక్షల ల్యాబులో ఆయన కుర్చీ ఇప్పుడు మేనకోడలిది. ఆదివారం మధ్యాహ్నం ఆమె ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చి, ఆయన వంటింటి బల్ల మీద తెరిచి పెట్టింది.

"ఏ బటన్ తప్పు నొక్కానో చెప్పండి చాలు, మావయ్యా. ఎర్ర గీత, సీసం లోహం దాటకూడని హద్దు. నీలం గీత మన కుళాయి నీళ్ళు. నీలం ఎర్రదాన్ని దాటిపోయింది, చూడండి."

"చూస్తాలే, ముందు దాహం తీర్చుకో. మీ అత్తయ్య ఉంటే టీ పెట్టేది. నేను పెట్టిన టీ తాగడానికి కాదు, ల్యాబుకి పంపడానికి. ఆఁ, ఆ కుళాయివి కాదమ్మాయ్! మూలన క్యాన్ ఉంది, అందులోవి వంచుకో."

"కుళాయివి బాగానే ఉంటాయిగా?"

"ఉప్పగా తగులుతున్నాయి. ముసలి నాలుక. సరే, అసలేం చేశావు?"

"కొత్త ప్రింటరుకి రంగులు లేవు. ఎరుపూ నీలమూ ఒకటే బూడిద రంగులో పడుతున్నాయి. అందుకని ఎరుపుని చుక్కల గీత చేసి, తేడా తెలుస్తోందో లేదో చూద్దామని రెంటినీ కలిపి తెర మీద ఒకే పెట్టెలో పెట్టాను. అంతే."

"పక్కపక్క పెట్టెల్లో ఉండాలి కదా అవి."

"మీరు అలా పెట్టారు."

"మళ్ళీ అలాగే పెట్టు. రిపోర్టు చదివేవాడికి తేలిగ్గా ఉండాలి. గీత మందం కాస్త తగ్గించి, కింద అక్షరాలు పెద్దవి చేశావంటే..."

"మందం కాదు మావయ్యా నా గోల, ఎత్తు! విడిగా పెడితే హద్దు పక్కన మన సీసం చీమంత. కలిపి పెడితే ఏనుగంత. అవే నీళ్ళు!"

"నీళ్ళు పట్టిన సీసాలు తారుమారై ఉంటాయి. నా హయాంలో ఎన్నిసార్లు కాలేదూ."

"మూడు కుళాయిల నీళ్ళు పట్టాను. మూడూ అంతే."

"ఒకే తప్పు మూడుసార్లు చేయొచ్చు. గట్టిగా నమ్మినప్పుడే అనుమానించాలని నీకు చిన్నప్పుడే చెప్పాను."

"చెప్పారు. అందుకే పొద్దున్న కూర్చుని ఒక్కొక్క సెట్టింగూ చూశాను. పెట్టె పక్కన చిన్న గడి ఉంది, 'ఆటో' అని. అందులో టిక్కు."

"అది మామూలే. బొమ్మ పెట్టెలో ఇమిడేటట్టు కుదిస్తుంది."

"దేని ఎత్తుని బట్టి కుదిస్తుంది?"

"గీతలో ఒక్కో లోహానికీ ఒక్కో శిఖరం లేస్తుంది కదా, అన్నిటికన్నా ఎత్తైనదాన్ని బట్టి."

"కుళాయి నీళ్ళలో అన్నిటికన్నా ఎత్తు ఏది?"

"నాకే పరీక్ష పెడుతున్నావా?"

"ఏది, మావయ్యా?"

"కాల్షియం."

"హద్దు కోసం మనం కలుపుకునే సీసాలో కాల్షియం ఉండదు. శుద్ధమైన నీళ్ళు, లెక్క ప్రకారం సీసం. అక్కడ సీసమే పొడుగు, పెట్టె నిండా అదే. కుళాయి నీళ్ళ పెట్టెలో కాల్షియం కప్పు తాకుతుంది, సీసం దాని పాదాల దగ్గర పడి ఉంటుంది. ఎంతున్నా సరే! పక్కపక్కన చూసినవాడికి ఎప్పుడూ హద్దుకి తక్కువే."

"తక్కువ కనిపిస్తే అంకెలు తీయనక్కర్లేదని ల్యాబు నియమం."

"ఆ నియమం రాసిందెవరు?"

"నేనే. పాత యంత్రం కలంతో కాగితం మీద గీసే రోజుల్లో రాశాను. ఆ కలానికి ఒకటే కొలత. చిన్నది చిన్నగా, పెద్దది పెద్దగా గీసేది. అప్పుడది తప్పు కాదు."

"టిక్కు పెట్టింది?"

"కంప్యూటరు వచ్చాక బొమ్మలు బాగుండటం లేదన్నారు పైవాళ్ళు. పెట్టెలో సగం ఖాళీగా ఉంటోందన్నారు. బాగుండేటట్టు చేశాను."

"ఎన్నేళ్ళు?"

"నా చేతి మీద పద్నాలుగు."

"నా చేతి మీద ఆరు. అన్నిటి మీదా నా సంతకం."

"నీ తప్పేం లేదు. పద్ధతి నాది."

"రేపే పైకి రాస్తాను. కుళాయిలు ఆపించి..."

"ఆపించి? నేల కింద అన్నీ సీసపు గొట్టాలే. వాటిని తవ్వి మార్చేవాళ్ళు ఇవాళ లేరు, రేపూ పుట్టరు. ఇరవై ఏళ్ళు మంచివని మీరేగా రాసిచ్చారంటారు. నిన్ను కుర్చీలోంచి లేపి, ఆ టిక్కు మళ్ళీ పెట్టేవాణ్ణి తెచ్చి కూర్చోబెడతారు."

"మా పాపకి నాలుగేళ్ళు నిండాయి మావయ్యా. నోట్లో ఆరే మాటలు."

"తెలుసు."

"డాక్టరమ్మ అడిగింది, ఇంట్లో నీళ్ళ సంగతేంటి, సీసం ఏమన్నా ఉందా అని. నవ్వాను. పరీక్ష చేసేదాన్ని నేనేగా అన్నాను. రక్తం తీయనివ్వలేదు."

"ఇప్పుడు తీయించు."

"తీయిస్తే? బాగవుతుందా?"

"తీయించు ముందు."

"నీళ్ళు నమలకండి. బాగవుతుందా?"

"ఇకమీదట ఎక్కకుండా చూడొచ్చు. అయిన నష్టం చాలావరకు అలాగే ఉండిపోతుంది. నాకు అబద్ధం చెప్పడం చేతకాదు."

"చేతకాదా? గాలి సోకిందని మా అత్తగారు పాపకి తాయెత్తు కడితే, కారణం వెతకాలి గానీ ఈ తాళ్ళేమిటని దెబ్బలాడింది మీరే. మీ మాట మీద నేనే తెంపి పారేశాను."

"కారణం లేకుండా ఏదీ జరగదమ్మాయ్. అది నిజమేగా."

"మానిటరు మీద మీ చీటీ ఇంకా అంటుకునే ఉంది. 'సెట్టింగులు ఎవరూ మార్చరాదు.' ఎప్పుడు అంటించారు?"

"వచ్చేసే రోజు."

"ఎందుకు?"

"కొత్తవాళ్ళు రంగులు మార్చి పాడుచేస్తారని."

"మీ తర్వాత ఎవరొచ్చారు? కొత్తదాన్ని నేనొక్కదాన్నే. ఈ క్యాన్ నీళ్ళు ఎప్పట్నుంచి కొంటున్నారు?"

"ఏ క్యాన్?"

"నా చేతిలో గ్లాసులోకి వంచుకోమన్నారే, ఆ క్యాన్."

"ఆరేళ్ళయింది."

"ఉప్పగా తగులుతున్నాయనా?"

"కాదు."

"మావయ్యా..."

"పాప పుట్టినప్పుడు, పాలపొడి కలపడానికి రోజూ ఒక క్యాన్ పంపిస్తానన్నాను. గుర్తుందా? నువ్వే నవ్వి వద్దన్నావు. 'మన ల్యాబు చూసిన నీళ్ళేగా మావయ్యా' అన్నావు."