చిట్టి ఫోన్

రోజూ పొద్దున్నే నడకకని కారులో పార్కుకి వెళ్లే భర్తతో ఆమె ఆ రోజు తనూ బయలుదేరింది. తన ఫోనును కారు తెరకి కలపబోయి ఆగిపోయింది.

“ఏమండీ, ఈ చిట్టి ఎవరు?”

“ఏ చిట్టి?”

“ఈ కారుకి కలిపిన ఫోన్లు రెండే. ఒకటి మీది, రెండోది చిట్టిది.”

“సర్వీసుకిచ్చినప్పుడు మెకానిక్ కలిపాడేమో.”

“గడ్డాలూ మీసాలూ ఉన్న మెకానిక్ పేరు చిట్టా? సీటు ముందుకి జరిగి ఉంటే అప్పుడే అనుకున్నా, ఎవరో పొట్టిది ఎక్కిందని.”

“గోరంతని కొండంత చేయకు.”

“మరి మీకెందుకు చెమటలు?”

అంతలో తెర వెలిగింది. ‘చిట్టి ఫోన్ కనెక్ట్ అయింది.’

“అంటే ఆవిడ ఇక్కడే ఎక్కడో ఉంది!”

ఆమె చుట్టూ చూసింది. కాళ్లకి బూట్లు, చేతిలో ఫోనుతో పిల్లిలా ఇంటి గేటు దాకా వచ్చిన అత్తగారు, కారులో కోడలిని చూసి అక్కడే బిగుసుకుపోయింది.

“చిట్టి అనేది అమ్మ చిన్నప్పటి పేరు,” భర్త గొణిగాడు. “నెల నుంచి డ్రైవింగ్ నేర్పుతున్నా. ఫోన్లో పాటలు పెట్టందే స్టీరింగ్ పట్టుకోదు. నువ్వు నవ్వుతావని చెప్పొద్దంది.”

ఆమె నవ్వలేదు.

“నాకు నేర్పమని మూడేళ్లుగా అడుగుతున్నా. పొద్దున్నే లేవడం మీ ఒంటికి పడదన్నారు.”

ఆమె కిటికీ అద్దం దించింది.

“రండి అత్తయ్యా, ఇకమీదట నాకు మీరే నేర్పుదురుగాని. ఏమండీ, మీరు దిగండి.”