కల్వర్టు కింద మడత కుర్చీ

ఆ ఎర్రరంగు డబ్బా ముందు కింద పెట్టండి, ఓవర్సీరుగారూ! పొద్దున్నే వచ్చి నా గుమ్మం ముందున్న కల్వర్టుకి ఇంతలావు ఇంటూ గుర్తు వేసిపోతే చూస్తూ ఊరుకుంటా అనుకున్నారా? పగలగొట్టి కొత్తది కడతారా? దీనికేం రోగమండీ? మొన్నటి వానలకి రోడ్డంతా గోతులు పడింది గానీ, దీని సున్నం రవ్వంత రాలిందా?

సరే, రండి. ఈ అరుగు మీద కూర్చోండి. మజ్జిగ తాగండి. నా కోపం మీ పని మీద, మీ మీద కాదు లెండి.

ఇది కట్టిన కాంట్రాక్టరు మా ఆయనే. పేరు నా నోటితో చెప్పకూడదు, అదుగో రాతి మీద చెక్కించారు, చదువుకోండి. ఆఁ, మీరు చదివిన ఆ పేరే. చెవిటికల్లు నుంచి జగ్గయ్యపేట దాకా ఎవర్నడిగినా మిలట్రీరావుగారంటారు. పోయినేడు వైశాఖంలో కాలం చేశారు. అయ్యో, మీరేం మొహం అలా పెట్టకండి! ఆయన సంగతులు చెప్తుంటే నాకు నవ్వే వస్తుంది, ఏం చెయ్యను!

బర్మా యుద్ధంలో వంతెనలు కట్టే పటాలంలో పనిచేశారు. అక్కడో దొర రూలు పెట్టాడట. వంతెన కట్టినవాళ్ళే కింద నిలబడాలి, పైన లారీలు పోవాలి. యుద్ధం అయిపోయింది, దొరలు వెళ్ళిపోయారు, ఆ రూలు మాత్రం ఈయనతోపాటు నందిగామ వచ్చేసింది. దాంతోపాటు ఓ మడత కుర్చీ కూడా.

కల్వర్టు పూర్తయితే చాలు, కింద ఆ కుర్చీ వేసుకుని, చుట్ట ముట్టించి కూర్చునేవారు. పైన ఏడు బళ్ళు, నిండా జొన్న బస్తాలు, ఒకదాని వెనక ఒకటి! నేను గట్టు మీద పుస్తెలు పట్టుకుని నిలబడేదాన్ని. చుట్ట పొగ వస్తోందా లేదా అని చూడ్డమే నా పని. పొగ వస్తోందంటే మనిషి ఉన్నట్టే కదా!

గరికపాడు దగ్గర, యాభై రెండులో అనుకుంటా, మూడో బండి ఎద్దులు సరిగ్గా మధ్యలో ఆగిపోయాయి. అదిలించినా కదలవే! బండివాడు బతిమాలాడు, తిట్టాడు, తోకలు మెలిపెట్టాడు. కిందనుంచి ఈయన కేక, "ఉండనీవోయ్, ఇంకా మంచిది!" అని. మధ్యాహ్నం దాకా అంతే. చివరికి నేనే క్యారేజీ పట్టుకెళ్ళి కిందే అన్నం పెట్టా. వంకాయ కూరలో మట్టి పడిందని కసిరారు. "పైన కట్టింది మీరే కదండీ" అన్నా.

ఏమిటీ? దీని కింద కూడా కూర్చున్నారా అనా?

మజ్జిగలో ఉప్పు సరిపోయిందా? ఇంకాస్త పొయ్యనా?

పోనీ, అడిగారు కాబట్టి చెప్తా. కాగితంలో రాసుకుంటే రాసుకోండి, ఇప్పుడిక నాకేం భయం! కూర్చోలేదు. కూర్చోవడం సంగతి దేవుడెరుగు, అసలు దీన్ని ఆయన కట్టనేలేదు.

అరవై ఒకటిలో, పునాది తీసిన వారానికే ఆయనకి టైఫాయిడ్. బెజవాడ ఆసుపత్రిలో మూడు నెలలు. పక్కన మా ఆడపడుచు. వానల్లోపు పని అవ్వకపోతే కాంట్రాక్టు పోతుంది, అన్నేళ్ళ పేరూ పోతుంది. నన్నే సాహెబని మేస్త్రీ ఒకడు ఉన్నాడులే అని ఆయన ధైర్యం. బంగారంలాంటి మనిషే, పాపం, చూపు ఆనడం మానేసింది. రెండో రోజుకే గోడ వాలింది.

కొంగు బిగించి నేనే దిగా. పద్నాలుగేళ్ళు గట్టుమీద నిలబడి చూసినదాన్ని, నాకు రాదా? మోకాలెత్తు గోడ మొత్తం విప్పించా. జగ్గయ్యపేట నుంచి సున్నపురాయి తెప్పించి కాల్పించా. సున్నం గానుగలో నా కళ్ళముందే ఆడాలి, నేను వేళ్ళతో నలిపి చూశాకే పనిలోకి పోవాలి. నన్నే సాహెబు దణ్ణం పెట్టేశాడు. "మీకన్నా అయ్యగారే నయమమ్మా!" అన్నాడు.

పూర్తయింది. బళ్ళొచ్చాయి. నన్నే సాహెబు నా వంక చూశాడు, నేను కుర్చీ వంక చూశా. వెళ్ళి కూర్చున్నా. చుట్ట ఒక్కటే తక్కువ!

ఆయన ఇంటికి రాగానే అన్నం అడగలేదు, మంచినీళ్ళడగలేదు. "కింద ఎవరు కూర్చున్నారు?" అన్నారు. "నేనే" అన్నా. కర్ర పట్టుకుని పోయి గోడలన్నీ తట్టి చూశారు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నారండీ, అంత మిలట్రీమనిషీ! ఆ తర్వాత ఏ కల్వర్టు కట్టినా కుర్చీ పక్కన నాకూ ఓ పీట పడాల్సిందే.

దీని రాతి మీద నీ పేరు చెక్కిద్దామే అన్నారు. నేనే వద్దన్నా. ఎందుకో ఆయనకి చెప్పలేదు, మీకు చెప్తున్నా. పెళ్ళైన నాటి నుంచి ఆయన పేరు నోటితో అన్నదాన్ని కాదు. గుమ్మంలో నిలబడితే కళ్ళతోనైనా రోజూ చదువుకోవచ్చని నా ఆశ. ఇప్పుడైతే పొద్దున్నే అదే నాకు పలకరింపు. దాన్ని పగలగొడతానంటే నేనేమైపోవాలి బాబూ?

అందుకని ఓ పని చెయ్యండి. నిండా రాళ్ళేసిన లారీ రప్పించండి. అటక మీంచి కుర్చీ దింపుకొస్తా, కింద కూర్చుంటా. మీకూ పీట వేస్తా. వస్తారా పక్కన? అదేమిటండీ, అప్పుడే రంగు డబ్బాకి మూత పెట్టేస్తున్నారు?

మంచిది. వెళ్ళిరండి. ఒక్కమాట, నన్నే సాహెబుతో అనకండేం! ఆ రోజు ఏడో బండి దాటేదాకా నేను కళ్ళు తెరిస్తే ఒట్టు.