శ్రీనివాసులన్న కోసం ఒక విన్నపం

హలో… ఆ, నేనే శ్రీనివాసులన్నా, ప్రేమమ్మను… అదే, నీ కాడ చేను కొన్న ప్రేమమ్మను. ఇంకెంతమందికి అమ్మినావేంది?

పెట్టేయొద్దు, పెట్టేయొద్దు! నీతో కొట్లాడేకి ఫోను చెయ్యలే… నిజ్జంగా.

వదిన బాగుండాదా?… పాప శ్రావణి?… మంచిది.

ఏం లేదన్నా. చేన్లో ఉల్లిగడ్డలు పీకినాము… ఆ, బాగనే దిగినాయి. నీ భూమినేమీ అనేకి ల్యా. మొదటి పంట గదా, మా పాస్టరయ్య ఆదివారం పొద్దున చేన్లోకే వచ్చి ప్రార్థన చేస్తానన్యాడు. సంఘమంతా వస్తాండారు. డోలకు, మైకు, అంతా. అందుకే నిన్ను అడుగుదామని… వాళ్లు ఎట్ల రావల్లన్నా?

…గట్టు మీదనా?

ఆ గట్టు మీద మా కోడి గూడ పక్కకు చూడకుండా నడుస్తాది. పాస్టరయ్యను చూసినావు గదా నువ్వు? ఆయన పడితే ఒక్కడే పడడు. ఎనక ఆడోళ్లు, డోలకు… అంతా నీ పసుపు మడిలోకే.

…బెదిరించేది కాదప్పా, ఉండేది చెప్తాండా.

బండి బాట ఇడుస్తానని అగ్రిమెంటులో రాయించింది నువ్వే గదా? రిజిస్ట్రేషన్ అయిన మరుసటి దినమే అంటివి. నేను పోయి చూస్తే బాట ఉండాల్సిన చోట పసుపు నాటి, నీళ్లు గూడ కట్టినావు!

…తవ్వినాక ఇస్తావా? అది తవ్వేది ఫిబ్రవరికి. అంతవరకు ఆగమని నా ఉల్లిగడ్డలకు నువ్వే చెప్పు. మోడం చూడు ఎట్ల కమ్ముకున్యాదో. ఒక్క వాన పడితే అంతా చేన్లోనే కుళ్లిపోతాది. ఈ ఏడాది మా ఇంట్లో పొయ్యి ఎలిగేది దాంతోనే అన్నా.

…సరేలే, గట్టిగా మాట్లాడను. నీ మీద నాకు కోపమే ల్యా. నీ కోసం ప్రార్థన గూడ పెట్టించినా.

…ఆ, నీ కోసమే. మా చర్చిలో విన్నపాలు అడుగుతారు. కడుపునొప్పి ఉన్నోళ్లు, పరీక్షలు రాసేటోళ్లు లేసి చెప్పుకుంటారు. అందరూ కలిసి ప్రార్థన చేస్తారు. పోయిన ఆదివారం నేను లేసి, ‘ఒక అన్న మాటిచ్చి మరిసిపోయినాడు, ఆయనకు జ్ఞాపకం రావల్ల’ అని చెప్తి.

…పేరు చెప్పలే! నాకు మర్యాద తెలీదా? దాంతోనే వచ్చింది తంటా. రెజీనత్త వాళ్లాయన్నే అన్యానని ఇంటికి పోయి కొట్లాట పెట్టుకునింది. ‘ఈసారి పేరు చెప్పమ్మా’ అన్యాడు పాస్టరయ్య.

…ఆ, మైకులోనే. హార్ను మీ మేడ పక్క యాపచెట్టుకే కడతారంట. అదే ఎత్తు గదా.

…ఏందీ? ఆదివారం పొద్దున్నేనా? రాయచోటోళ్లు?… శ్రావణిని చూసుకునేకి?

అయ్యో, నాకేం తెలుసన్నా!… బంగారట్లాంటి పిల్ల. ఆ సంబంధం కుదరల్లని గూడ చెప్తాలే మైకులో… వద్దా?

…

ఇప్పుడేనా? మీ పిల్లోడు అవినాష్‌ను బాట తీసేకి ట్రాక్టరుతో పంపిస్తాండావా?… ఎంత ఎడల్పు?… బండి పట్టల్లన్నా, మేక కాదు… ఇంకొంచెం… ఆ, అట్ల చెప్పు! పోయిన పసుపుకు బదులు ఒక మూట ఉల్లిగడ్డలు పంపిస్తా, రాయచోటోళ్లకు కూరలోకి.

లేదు, ఫోను పెట్టను. ట్రాక్టరు కదిలేది ఇననీ… ఆ, ఇనపడ్తాండాది.

శానా సంతోషమన్నా. నీ పేరు ఇంక విన్నపాల్లో రాదు. సాక్ష్యాల్లో వస్తాది… కోర్టుది కాదప్పా! మేలు జరిగినోళ్లు లేసి చెప్పుకుంటారు… చెప్పకుంటే ఎట్ల? అంతమంది ప్రార్థన చేసినారు, ఏమైందో వాళ్లకు తెలియొద్దా?… ఆ, మైకులోనే.

అన్నా?… అన్నా?

పెట్టేసినాడు.

పాపా స్తుతీ! ఎద్దుల్ని బండికి కట్టు పో… ఆగాగు! ట్రాక్టరు మడిలోకి దిగేది కండ్లతో చూసినాక కడుదువులే.