విమానం రాని గంటను నిర్మించిన ఓతిలియా బార్రియా

1979 మార్చి పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం ఎనిమిదిన్నర గంటలకు దోన్య ఓతిలియా బార్రియా గారు పుయెర్తో అర్రాయాన్ టెలివిజన్ కేంద్రంలో రెండవ శ్రేణి టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించారు. 2016 సెప్టెంబరు ముప్పయ్యవ తేదీ, శుక్రవారం సాయంత్రం, అదే రెండవ శ్రేణి టైపిస్టుగా పదవీ విరమణ చేశారు. ఈ రెండు తేదీల నడుమ, ఈ కేంద్రాన్ని మన దీవుల ప్రజలు తమ సొంతమని భావించడానికి కారణమైన కార్యక్రమాన్ని వారు ఊహించి, నిర్మించి, నడిపారు. మన కేంద్ర పత్రిక సంపాదక వర్గం నన్ను కోరినది అభినందన గనుక మనసారా అభినందిస్తాను. అభినందన సత్యం మీద నిలబడవలెననేది నా నియమం గనుక కొన్ని తేదీలు కూడా చెబుతాను.

వారు చేరిన నాటికి మన కేంద్రానికి అరగంట వార్తలు, ఆదివారం ప్రార్థన తప్ప సొంత కార్యక్రమాలు లేవు. తక్కినవన్నీ రాజధాని నుంచి మధ్యాహ్న విమానంలో టేపులుగా వచ్చేవి. రాజధాని ప్రజలు నిన్న నవ్విన హాస్యానికి మనం ఈరోజు నవ్వేవాళ్లం. గాలి అడ్డం తిరిగినా, జలసంధిని పొగమంచు కమ్మినా విమానం దిగేది కాదు. అటువంటి రోజున, కొత్త టేపు వేయవలసిన నాలుగు నుంచి ఐదు గంటల వరకు తెర మీద కదలని మంచుకొండ బొమ్మ, దాని వెనుక అకార్డియన్ వాద్యం. ఒక్కొక్క శీతకాలంలో వరుసగా తొమ్మిది రోజులు ఆ కొండనే చూసినవాళ్లం మనం.

1980 జూన్ ఆరవ తేదీన పొగమంచు కమ్మింది. బయట బల్ల మీద రోసెందా వివార్ అనే రైతు స్త్రీ, తన ఎద్దు తప్పిపోయిందని వార్తల్లో చదివించమని అడగడానికి వచ్చి, రెండు గంటలుగా కూర్చుని ఉంది. టైపు యంత్రం ముందు నుంచి లేచిన ఓతిలియా గారు ఎవరి అనుమతీ కోరకుండా ఆమె చేయి పట్టుకుని స్టూడియోలోకి తీసుకువెళ్లారు.

"కెమెరా వైపు చూడక్కర్లేదమ్మా, నన్ను చూసి చెప్పండి. ఎద్దు ఎలా ఉంటుంది?"

"ఎలా ఉంటుందేంటమ్మా, ఎద్దులానే ఉంటుంది. ఎడమ చెవి చిరిగింది. మా ఆయన కంటే బుద్ధిమంతురాలు... అదే, బుద్ధిమంతుడు."

ఇరవై అయిదు నిమిషాల్లో ఫోను మోగింది. ఎద్దు చర్చి వెనుక పెరట్లో ఫాదరు గారి క్యాబేజీ మేస్తోంది. ఆనాటి ప్రసార దినచర్య పుస్తకంలో ఈ వివరాలన్నీ ఓతిలియా గారి చేతివ్రాతలోనే ఉన్నాయి. ఆ పుట నేను చూశాను. అది మొదలు విమానం రానప్పుడల్లా తప్పిపోయిన పశువులు, పుట్టిన బిడ్డలు, ఏ పడవ ఏ రేవుకు ఎప్పుడు వస్తుందన్న కబుర్లు తెరకెక్కాయి. సైనిక పాలన నడిచిన ఆ సంవత్సరాలలో ఈ దేశంలో ఏది చెప్పరాదో మా అందరికీ తెలుసు. ఏది చెప్పవచ్చునో కనిపెట్టినవారు ఆమె. 'విమానం రాని గంట' అనే పేరు మాత్రం ప్రేక్షకులు పెట్టినది. ఓతిలియా అన్న పేరును కుదించి, ముందు గౌరవంగా 'దోన్య' చేర్చి, 'దోన్య ఓతీ' అని పిలిచినదీ వారే.

1984 శీతకాలంలో జరిగిన ఒక సంగతిని ఆమె మనవలు తప్పక తెలుసుకోవాలి. ఊరంతా ఏడు నెలలుగా చూస్తున్న ధారావాహిక చివరి భాగం రావలసిన రోజున విమానం దిగలేదు. మర్నాడూ దిగలేదు. జనం కేంద్రం గుమ్మం దాకా వచ్చారు. ఓతిలియా గారు రాజధానిలోని పినతల్లి కూతురికి ఫోను చేసి కథ అడిగారు. "చర్చిలో పెళ్లి జరుగుతుండగా మొదటి భర్త లోపలికొచ్చాడే..." అనేసరికి లైను తెగిపోయింది. సరిగ్గా నాలుగు గంటలకు ఆమె కెమెరా ముందు కూర్చుని, కథ మొదటి నుంచి చెప్పుకొచ్చి, చివర మొదటి భర్తను గుమ్మంలోంచే వెనక్కి పంపించి, కథానాయికకు సొంతంగా దర్జీ కొట్టు పెట్టించారు. మూడో రోజున టేపు వచ్చింది. అందులో కథానాయిక మొదటి భర్త కాళ్ల మీద పడింది. సాయంత్రానికి నలభై ఫోన్లు. అన్నీ ఒకటే మాట.

"రాజధాని వాళ్లు తప్పుగా తీశారు, దోన్య ఓతీ. మీరు చెప్పిందే మళ్లీ వేయండి."

1987లో ఉపగ్రహ సంకేతం వచ్చింది, విమానంతో పని తీరింది. ఆ గంటను నిలిపివేయాలని నాటి డైరెక్టరు, కీర్తిశేషులు దోన్ గిల్బెర్తో సాంతానా గారు నిర్ణయించారు. ఓతిలియా గారు వాదించలేదు; ఆ వారం వచ్చిన మూడు వందల పన్నెండు ఉత్తరాలను ఆయన కుర్చీలో పేర్చి వెళ్లిపోయారు. కార్యక్రమం ప్రతి శుక్రవారానికి స్థిరపడింది. స్థిరపడిన కార్యక్రమానికి పేర్ల అట్ట కావాలి. 'రూపకల్పన, నిర్వహణ: గిల్బెర్తో సాంతానా' అని ఆ అట్ట మీద ఉంది. దానిని రాసినది నేను. తెర మీది పేర్లు రాయడమే నా ఉద్యోగం. నల్ల అట్ట మీద తెల్ల రంగుతో, ఒక్క అక్షరం వంకర పోకుండా రాశాను. అబద్ధాన్ని అంత చక్కగా రాసినందుకు నన్ను మెచ్చుకున్నారు కూడా.

1991లో ఒకనాడు ఓతిలియా గారు నా గదికి వచ్చారు. ముప్పై ఏడేళ్లలో తమ కోసం ఆమె నోరు తెరిచి అడిగినది అదొక్కసారే.

"అక్కా, ఆ అట్ట మీద ఓ మూల నా పేరు పట్టదా?"

"చోటు లేదమ్మా," అన్నాను.

ఆ అట్ట వెడల్పు నలభై సెంటీమీటర్లు; కింద పదకొండు సెంటీమీటర్లు ఖాళీ. ఆమె కూడా ఆ ఖాళీని చూశారు. "సరే అక్కా," అని వెళ్లి, మధ్యాహ్నం నాకు వేడి రొట్టె తెచ్చి ఇచ్చారు.

ఈ సంచిక నాలుగవ పుటలో అచ్చు కానున్న 'మన కేంద్ర చరిత్ర' ప్రతిని గత నెల నాకు పంపారు. అందులోనూ ఆ గంట సాంతానా గారి సృష్టి అనే ఉంది. ఆరేళ్ల క్రితమే విరమించిన నేను దినచర్య పుస్తకం నకళ్లతో ప్రస్తుత డైరెక్టరు గారిని కలిశాను. ఆఖరి శుక్రవారం నాడైనా తెర మీద సరైన పేరు ఉండాలని కోరాను.

"మీరు చెప్పేది నిజమే కావచ్చు దోన్య ఎదెల్మిరా. కానీ పోయినాయన పేరు తీసేస్తే వాళ్లింట్లో వాళ్లు ఏమనుకుంటారు?"

"వాళ్లను అడిగారా?"

"అడగలేదు."

నేను అడిగాను. దోన్ గిల్బెర్తో గారి సతీమణి దోన్య గ్రాసియెలా గారు ఎనభై ఆరేళ్ల వయసులోనూ తన పొయ్యికి కట్టెలు తానే చీల్చుకునే మనిషి. మాతే ఆకుల తేనీరు కాచి నా చేతికిచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని ఆ నకళ్లను ఒక్కొక్కటిగా చదివారు.

"నాలుగింటికా? నాలుగింటికి మా ఆయన ఇంట్లో పడుకుని ఉండేవాడు. మూడింటి నుంచి ఐదింటి దాకా. ఇల్లు తగలబడినా లేచేవాడు కాదు."

"మరి ఆ పేరు ఇన్నేళ్లూ చూశారు కదమ్మా?"

"చూశాను. పక్క గదిలో ఆయన గురక వింటూ, ఈ గదిలో ఆయన పేరు చూశాను. సిగ్గేసేది. నువ్వేగా రాసేదానివి, నీకు వెయ్యలేదా?"

నా జవాబు కోసం ఆవిడ ఎదురుచూడలేదు. కాగితం తీసుకుని, పేరు మార్చడానికి తమకు అభ్యంతరం లేదని మాత్రమే కాక, మార్చకపోతే అభ్యంతరమని రాసి సంతకం చేశారు. డైరెక్టరు గారు ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి ఒప్పుకున్నారు. నాలుగవ పుటను సవరించారు.

ఇప్పుడు పేర్లన్నీ కంప్యూటరే రాస్తుంది. అయినా ఆ అట్టను చేతితో రాయడానికి అనుమతి కోరాను. నా చేయి చేసిన తప్పును నా చేయే దిద్దాలి. రెండు రోజులు పట్టింది. సెప్టెంబరు ముప్పైన ఐదు గంటలకు నాలుగు నిమిషాల ముందు 'రూపకల్పన, నిర్వహణ: ఓతిలియా బార్రియా' అని తెర మీదికి వచ్చింది. ఓతిలియా గారు ఫోన్ల బల్ల దగ్గర నిలబడి దానిని చూశారు. అంతలో ఫోను మోగింది. ప్రసారంలో అందరికీ వినిపించింది.

"దోన్య ఓతీ, ఈ ఓతిలియా బార్రియా ఎవరండీ? కొత్తగా వచ్చిందా?"

"నేనేనండీ. ఈరోజుతో వెళ్లిపోతున్నాను. మీదేం పోయిందో చెప్పండి, ఇంకా మూడు నిమిషాలుంది."

పోయినది ఒక తెడ్డు. దొరికింది.

దోన్య ఓతిలియా గారూ, ఇరవై ఐదు సంవత్సరాల క్రితం నేను మీకు చెప్పిన మాట అబద్ధమని అందరి ఎదుట ఒప్పుకునే అవకాశం మీ సహనం వల్లనే నాకు దక్కింది. అందుకు నేను కృతజ్ఞురాలిని. మోకాళ్ల నొప్పులు మిమ్మల్ని మరచిపోవాలని, మీ పొయ్యి వెచ్చగా ఉండాలని, మనవల మనవలకు కథల ముగింపులు మీ ఇష్టం వచ్చినట్లు మార్చి చెప్పేటంతటి దీర్ఘాయుష్షు మీకు కలగాలని, ఇన్నేళ్లూ మా మధ్యాహ్నాలను మీరు నింపినట్లే మీ మధ్యాహ్నాలను మీవారందరూ నింపాలని కోరుకుంటున్నాను.

— ఎదెల్మిరా ఓయార్సో
విశ్రాంత శీర్షికా లేఖకురాలు